కారణం రాయని మైనస్

పోయిన వారం మనం సుజిని కంప్యూటరు ముందు వదిలి వచ్చాం. మౌస్ మీద వేలు ఆనించి, నొక్కాలా వద్దా అని ఊగిసలాడుతోంది. ఇప్పుడు చెప్పేస్తాను: నొక్కింది. వరప్రసాదరావుగారి జవాబు కింద తొమ్మిది ప్లస్సుల పక్కన ఒకే ఒక్క మైనస్ పడింది. కారణం రాసే గడిని మాత్రం ఖాళీగా వదిలేసి, కంప్యూటరు కట్టేసి, వంటింట్లోకి వెళ్ళి పప్పులో పోపు వేసింది.

దారిలో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వరప్రసాదరావుగారు సుజికి మావగారు. వ్యవసాయశాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అనకాపల్లి చుట్టూ చెరకు వేసే ఊళ్ళలో ఆయన స్కూటరు ఆగని గట్టు లేదు. రెండేళ్ళ కిందట భార్య సువార్తమ్మ పోయాక మనిషి గోడకేసి తిరిగి కూర్చుండిపోయారు. ఆదివారం చర్చికి తప్ప గడప దాటేవారు కాదు. అప్పుడు చిన్నకొడుకు స్టాన్లీ ఒక కంప్యూటరు కొన్నాడు. కోడలు సుజి అందులో ఆయనకి 'చెరకు చావడి' చూపించింది.

చెరకు చావడి అన్నది నెహ్రూచౌక్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ధనరాజ్ పెట్టిన వెబ్‌సైటు. రైతులు ప్రశ్నలడుగుతారు. తెలిసినవాళ్ళు జవాబులిస్తారు. చదివినవాళ్ళు నచ్చితే ప్లస్ ఇస్తారు, తప్పనిపిస్తే మైనస్ ఇస్తారు. ఎవరు ఏది ఇచ్చారో పైకి కనిపించదు. వరప్రసాదరావుగారికి టైపింగు రాదు. ఆయన చెప్తారు, సుజి కొడుతుంది. అలా ఏడాదిన్నరగా సాగుతోంది. ఆయన రోజూ గడ్డం గీసుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది అప్పుడే. కాఫీలో పంచదార తక్కువైందని గొడవపడటం మళ్ళీ మొదలుపెట్టిందీ అప్పుడే.

ఇక ఆ మైనస్ సంగతి. ఎస్. రాయవరంలో సన్యాసిరావు అనే రైతు చావడిలో ఒక ప్రశ్న వేశాడు. ఉప్మాకలో పైడిరాజు తోటనుంచి విత్తనపు చెరకు తెచ్చుకుంటున్నాను, ఒక పక్క ఆకులు పసుపు పడ్డాయి, ఎర్రకుళ్ళు తెగులు కాదు కదా, నాటొచ్చా అని. వరప్రసాదరావుగారు సుజి చేత కొట్టించిన జవాబు ఇదీ: "అది నేను స్వయంగా చూసి వచ్చిన తోట. పసుపు నీటి ఎద్దడి వల్ల వచ్చింది. గడని ముక్కలు చేసి, ఆ ముచ్చెల్ని మందునీళ్ళలో పావుగంట ముంచి నాటుకో."

ఆయన చూసి వచ్చిన మాట నిజమే. ఆ రోజు సుజి కూడా వెంట ఉంది. ఆయనా, ఆయన పాత స్నేహితుడు పైడిరాజూ పంపుషెడ్డు దగ్గర కూర్చుని పాత రోజులు చెప్పుకుంటూ ఉంటే, ఆమె తోట వెనక్కి వెళ్ళి తినడానికని ఒక గడ విరిచి నిలువునా చీల్చింది. పెళ్ళికి ముందు మూడేళ్ళు విశాఖపట్నంలో ఒక విత్తనాల ల్యాబులో ఆమె పని అదే, గడలు చీల్చి లోపల చూడటం. చీల్చిన గడ లోపల ఏముందో చూసి, కొరక్కుండా ముక్కు దగ్గర పెట్టుకుంది. వెనకనుంచి పైడిరాజు వచ్చాడు. గడ ఆమె చేతిలోంచి తీసుకుని కాలవలోకి విసిరేశాడు. "పురుగు తొలిచిందమ్మా. అయ్యకి సెప్పకు, ఊరికే బెంగెట్టుకుంటాడు" అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఆమె చెప్పలేదు.

చెప్పకపోగా, ఇంటికి వచ్చి ఆ జవాబు తన చేత్తోనే కొట్టి, తన చేత్తోనే పంపింది. మర్నాడు 'కణుపు' అన్న మారుపేరుతో తను పెట్టుకున్న ఖాతాలోంచి దానికే మైనస్ ఇచ్చింది.

ఇది జరిగి మూడు రోజులైంది.

శనివారం ఉదయం పదింటికి వరప్రసాదరావుగారు సుజి కుర్చీ వెనక తన పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ గది చిన్నది. కంప్యూటరు బల్లకి కుడిపక్క బీరువా, ఎడమపక్క కిటికీ, వెనక ఆయన. ఆయన కుర్చీ వేసుకుంటే తలుపు సగమే తెరుచుకుంటుంది. సుజి లేవాలంటే ముందు ఆయన లేవాలి. స్టాన్లీ గూడ్సు బండికి గార్డుగా రాయగడ వెళ్ళాడు, రేపు మధ్యాహ్నానికి గాని రాడు.

"ఏటమ్మా, ఏవైనా రాసేడా వాడు?"

"ఎవరు మావయ్యా?"

"ఎవరేటి? ఆ మైనస్ వాడు."

సుజి పేజీ కిందికి జరిపింది. "లేదండి."

"రాయడు. రాయడానికి ఏదైనా ఉంటే కదా" అన్నారాయన. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "మిగతావాళ్ళు ఏవంటున్నారో చదువు."

ఆయన జవాబు కింద మూడు రోజులుగా చెరకు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. మైనస్ ఇచ్చినవాడు కారణం చెప్పాలా అక్కర్లేదా అన్న దానిమీదే వాదన. సుజి చదివింది. చోడవరం త్రినాధరావు రాశాడు: తప్పంటే తప్పెక్కడో చూపించాలి, గోడ చాటునుంచి రాయి విసిరి పారిపోతే ఎవరికి లాభం? రాయవరం నెట్ సెంటర్లో పనిచేసే ఇందు అనే అమ్మాయి దానికి బదులు రాసింది: ప్లస్ ఇచ్చినవాళ్ళని కారణం ఎవరూ అడగరేం? ఇక్కడ తొమ్మిదిమంది ప్లస్ ఇచ్చారు, ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. వాళ్ళకి లేని బాధ మైనస్ ఇచ్చినవాళ్ళకే ఎందుకు? కారణం రాసి తీరాలంటే, మాలాంటి చిన్నవాళ్ళం పెద్దవాళ్ళకి ఎప్పటికీ మైనస్ ఇవ్వలేం.

"ఎవరమ్మా ఈ పిల్ల? తెలివైందే" అన్నారు వరప్రసాదరావుగారు. ఆయనకి వాదన ఇష్టం, ఎదటివాళ్ళు బాగా వాదిస్తే ఇంకా ఇష్టం, చివరికి తను నెగ్గితేనే. "రాయి. అమ్మా ఇందూ, నీ ప్రశ్న బాగుంది. కానీ ఒకటి చూడు. ప్లస్ ఇచ్చినవాడి కారణం నా జవాబులోనే ఉంది. నేను చెప్పింది ఒప్పుకున్నాను అన్నాడు, అంతే. మైనస్ ఇచ్చినవాడి కారణం నా జవాబులో లేదు. వాడి కడుపులో ఉంది. వాడు కక్కితే తప్ప నాకెలా తెలుస్తుంది? నాకు తెలియకపోతే నేను ఎలా దిద్దుకుంటాను? రాసేవా?"

"ఆఁ... రాస్తున్నానండి."

"నేను తప్పు చేయనని అనటం లేదు. తప్పు చెప్పకుండా తప్పన్నవాడు నన్ను కొట్టినట్టూ కాదు, దిద్దినట్టూ కాదు. చీకట్లో నెట్టినట్టు. అది కూడా రాయి."

సుజి రాసింది. ఆ మాటల్లో ఆమెకి తప్పేమీ కనిపించలేదు. అదే వచ్చిన చిక్కు. మూడు రోజులుగా ఆయన ఏం చెప్పినా ఆమెకి సబబుగానే ఉంది. ఇందు చెప్పిందీ సబబుగానే ఉంది. సబబైన రెండు మాటల మధ్య ఆమె మెడ ఇరుక్కుని ఉంది.

కారణం రాయాలని ఆమె చూడకపోలేదు. మొన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కణుపు పేరుతో మొదలుపెట్టింది. తెగులు గడ లోపల ఉంటే పైన ముంచే మందు పనిచేయదు అని రాసి, ఆగింది. ఆ అనుమానం త్రినాధరావు మొదటి రోజే అడిగేశాడు. 'తోటలో తెగులు ఉంటే కదా, నేను కళ్ళారా చూశాను, ఆ తోటకి నేను పూచీ' అని మావగారు చెప్పనూ చెప్పారు. ఆ పూచీ ముందు పుస్తకంలో మాట నిలబడదు. చీల్చిన గడ సంగతి చెబితేనే నిలబడుతుంది. ఆ గడ చూసింది ఇద్దరే. ఒకరు పైడిరాజు. ఆ మాట బయటికి వచ్చిన మరుక్షణం రెండోవాళ్ళెవరో ఆయన అడక్కుండానే తెలిసిపోతుంది.

తెలిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నాలుగేళ్ళ కిందట చర్చి ఆవరణలో బావి ఎక్కడ తవ్వాలన్న మాట వచ్చింది. వరప్రసాదరావుగారు ఒక చోటు చూపించారు. పెద్దకొడుకు జెఫ్రీ సంఘమంతా ఉండగా లేచి, నాన్నగారు చెప్పింది తప్పు, అక్కడ రాయి తగులుతుంది అన్నాడు. ఆయన మాటే నెగ్గింది. రాయీ తగిలింది. ఆ బావిలో నీళ్ళు పడలేదు, తండ్రీకొడుకుల మధ్య మాటలూ పడలేదు. జెఫ్రీ తునిలో మాస్టారుగా ఉన్నాడు. తల్లి సమాధి దగ్గర కూడా తండ్రికి పది అడుగుల దూరంలోనే నిలబడి వెళ్ళిపోయాడు.

"కొత్తగా ఏదో వచ్చినట్టుందే" అన్నారాయన, ఆమె భుజం మీదుగా తొంగిచూసి.

వచ్చింది. సన్యాసిరావు. అతని తరఫున ఇందు టైపు చేసింది కాబోలు, మాటలు మాత్రం అతనివే.

"గురువుగారికి దండాలు. ఇక్కడ పెద్దలందరూ కారణం గురించి మాట్లాడుకుంటన్నారు, నా చెరకు మాట ఎవులూ ఎత్తట్లేదు. గడలు నిన్న సాయంత్రం బండిమీద వచ్చినాయి. కూలోళ్ళని పిలిచేను. ఆ ఒక్క మైనస్ చూసినకాడినుంచి నాకు చెయ్యాడట్లేదు. తొమ్మిదిమంది అవునన్నారు, ఒకడు కాదన్నాడు. ఆ ఒకడు ఎందుకు కాదన్నాడో తెలిస్తే నేను ఆగిపోదును. తెలవకపోతే ఎందుకాగాలి? ఈ పూట వరకూ సూత్తాను. మద్దేనం నాటు మొదలెట్టేత్తాను. ఆ మైనస్ ఇచ్చినాయన ఎవరోగానీ, దయుంచి ఒక్క ముక్క సెప్పండి."

కింద ఫోను నంబరు ఇచ్చాడు.

సుజి ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. మైనస్ ఇచ్చినాయన. మీసాలున్న ఎవరో పెద్దమనిషి అనుకుంటున్నాడతను. ఒక్క ముక్క.

"చూసేవా?" వరప్రసాదరావుగారి గొంతు పెరిగింది. "చూసేవా అమ్మా వాడు చేసిన పని? రైతు చెయ్యి ఆడకుండా చేసేడు. బండి దిగిన గడ ఎండలో పడుంటే కళ్ళు చచ్చిపోవూ? మొలక రాకపోతే ఆ పాపం ఎవరిది? ఫోనిలా ఇయ్యి."

ఫోను కిటికీ గూట్లో ఉంది. అందించింది. ఆయన ధనరాజ్‌కి చేశారు.

"వందనాలు ధనరాజ్. ఒక్క మాట. ఆ మైనస్ ఎవరిచ్చేరో నీకు తెలుస్తుందా, తెలీదా? ...తెలుస్తుంది కదా. చెప్పు మరి. ...రూలేటి బాబూ? నేను వాణ్ణి తిట్టను. కారణం అడుగుతాను, అంతే. ...ధనరాజ్, నీ చావడికి నేను ఏడాదిన్నర నుంచి చేస్తున్నది నీకు తెలుసు. ఎప్పుడైనా ఏదైనా అడిగేనా? ఇది అడుగుతున్నాను." చాలాసేపు విన్నారు. ముఖం ఎర్రబడింది. "నువ్వు చెప్పవన్నమాట. సరే. చెప్పకు." ఆయన రిసీవరు పెట్టబోయి ఆగారు. "సుజితో ఏం పని? ...ఆఁ, ఇక్కడే ఉంది."

సుజి రిసీవరు చెవికి ఆనించుకుంది. రిసీవరు వెచ్చగా ఉంది.

"మేడమ్, మీరేం మాట్లాడకండి. ఊ అనండి చాలు" అన్నాడు ధనరాజ్. "పాస్‌వర్డు మార్చమన్నానని చెప్పండి గురువుగారికి. ఇన్నాళ్ళూ ఆ లిస్టు నేను తెరిచి చూడలేదు. ఇందాక సన్యాసిరావు రాసింది చూసి ఉండబట్టలేక తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. కణుపు ఖాతా మీ ఇంటి కనెక్షన్ మీదే ఉంది మేడమ్."

"ఊఁ."

"గురువుగారికి టైపింగు రాదు. స్టాన్లీ గారు డ్యూటీలో ఉన్నారు."

"ఊఁ."

"నేను చెప్పను. ప్రాణం పోయినా చెప్పను. మైనస్‌కి కారణం రాసి తీరాలని రూలు పెట్టమని మొదట్నించీ ఎంతమంది అడిగారో! పెట్టలేదు. పెడితే పెద్దవాళ్ళని కాదనేవాళ్ళు ఉండరు. మీలాంటివాళ్ళ కోసమే పెట్టలేదు. కానీ మేడమ్..." అతని గొంతు తగ్గింది. "మధ్యాహ్నం సన్యాసిరావు నాటేస్తే, నా రూలు మంచిదని రేపటినుంచి నేను ఎవరికి చెప్పను?"

"అలాగేనండి, మారుస్తాను" అంది సుజి. రిసీవరు పెట్టేసింది.

"ఏటంటాడు?"

"పాస్‌వర్డు మార్చమంటున్నారు."

"పాస్‌వర్డొకటి తక్కువైంది వాడికి." ఆయన లేచారు. సుజికి ఒక్క క్షణం తలుపు కనిపించింది. ఆయన మళ్ళీ కూర్చున్నారు, ఈసారి కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కుని. "రాయమ్మా. ఇదే ఆఖరు."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుంది.

"చెరకు చావడిలో ఉన్న అందరికీ. మూడు రోజులు ఎదురు చూశాను. నా జవాబు తప్పన్నవారు ఎందుకు తప్పో చెప్పలేదు. చెప్పలేనివారికి తప్పనే హక్కు లేదు. ఈ సాయంత్రంలోగా వారు ముందుకు రాకపోతే నేను ఇకమీదట ఇక్కడ జవాబులివ్వను." ఆయన ఊపిరి తీసుకున్నారు. జవాబులివ్వని రోజులు ఎలా ఉంటాయో ఆయనకి గుర్తుంది. సుజికీ గుర్తుంది. "తర్వాత పేరా. సన్యాసిరావూ, నువ్వు ఆ మైనస్ గురించి ఆలోచించకు. నా మాట మీద నిశ్చింతగా నాటుకో."

గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"రాసేవా?"

సుజి తెరమీద చూసింది. 'సన్యాసిరావూ, నువ్వు' దగ్గర గీత మిణుకుమిణుకుమంటోంది.

"అమ్మా, నాటుకో అని రాసేవా?"

"లేదండి."

"ఏం? చెయ్యి నొప్పా?"

"రాయలేను మావయ్యా." ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే అనలేనని తెలుసు. "ఒకసారి రాశాను. ఇంకోసారి నా చేత్తో రాయలేను. ఆ మైనస్ నాది."

బయట సందులో ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేస్తున్నారు. అది మూడు కిక్కులకి అందుకుంది, వెళ్ళిపోయింది.

"నీది" అన్నారాయన చివరికి.

"నాదేనండి. కణుపు నేనే."

"జవాబు నువ్వే కొట్టేవు కదా?"

"కొట్టాను."

"నువ్వే పంపేవు."

"పంపాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్న..."

"నా ఎదురుగా కూచుని," ఆయన ఒక్కొక్క మాటా పేర్చినట్టు అన్నారు, "మూడు రోజులు నేను వాణ్ణి తిడుతూ ఉంటే, ఆ తిట్లన్నీ నువ్వే టైపు చేసేవు."

ఆమె తలూపింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని కారనివ్వలేదు. కారితే ఆయన ఆ విషయం వదిలేసి కన్నీళ్ళ సంగతి చూస్తారు. ఆ అలవాటు ఆమెకి తెలుసు.

"కారణం?"

అప్పుడు చెప్పింది. తోట వెనక వరస, చీల్చిన గడ, కాలవలో పడ్డ చప్పుడు, పైడిరాజు నవ్వు. అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు తగల్లేదు. పైడిరాజు పేరు వచ్చినప్పుడు మాత్రం పడక్కుర్చీ కిర్రుమంది.

"పురుగు తొలిచినా ఎర్రగానే ఉంటుంది" అన్నారు. అది మావగారి గొంతు కాదు, ఆఫీసరు గొంతు. "ఎంత ఎర్రగా ఉంది?"

"కణుపునుంచి కణుపు దాకా. మూడు కణుపులు."

"పురుగు దారి కనిపించిందా? రంధ్రం?"

"లేదండి."

"ఎరుపులో అడ్డంగా తెల్ల మచ్చలున్నాయా?"

"ఉన్నాయి."

"వాసన చూసేవా?"

"పులిసిన కల్లు వాసన."

వరప్రసాదరావుగారు కళ్ళజోడు తీసేశారు. ఈసారి తుడవలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆయన రైతులకి నేర్పింది ఆ మూడు గుర్తులే.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" ఆ అడగడంలో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకి సుళువుగా ఉండేది.

"జెఫ్రీ బావగారు ఒకసారి చెప్పారు కదండి" అంది సుజి.

ఆయన ముఖం ఎత్తారు. ఆ పేరు ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఎవరూ ఆయన ముందు పలకలేదు. సుజి బీరువాకేసి చూసింది. కిటికీకేసి చూసింది. చూడటానికి ఇంకెక్కడా చోటు లేదు.

"ఇంకెవరికి తెలుసు ఇది?" అన్నారు. "నువ్వు, పైడిరాజు కాకుండా. ఎవరికైనా చెప్పేవా?"

"లేదండి" అంది.

ఇన్ని నిజాలు చెప్పాక ఒక్క అబద్ధం ఆమె నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ రోజు గడ కాలవలో కొట్టుకుపోయాక, పైడిరాజు పంపుషెడ్డుకేసి వెళ్ళిపోయాడనుకుని, ఆమె అక్కడే గట్టుమీద నిలబడి సెల్‌ఫోనులో ఒకరికి చేసింది. తునికి. ఇప్పుడేం చెయ్యను బావగారూ అని అడిగింది. నువ్వు చెప్పకు, నీకూ నా గతే పడుతుంది, ఆయన నాటమని జవాబిస్తే దానికో మైనస్ ఇచ్చి ఊరుకో అన్నాడు జెఫ్రీ. ఆ సలహా ఇచ్చింది ఎవరో చెప్పడం మైనస్ తనదని చెప్పడం కంటే కష్టం.

వరప్రసాదరావుగారు ఫోను దగ్గరికి లాక్కున్నారు. "సన్యాసిరావు నంబరు చదువు" అన్నారు.

ఆమె చదివింది. ఆయనే నొక్కారు. చెవి సరిగా వినిపించదని ఎప్పుడూ చేసినట్టే స్పీకరు మీట కూడా నొక్కారు.

"అలో! గురువుగారా? దండాలండి!" వెనకాల కూలీల మాటలు, కత్తులు గడమీద పడుతున్న చప్పుడు. "ఇప్పుడే ముచ్చెలు కొట్టడం మొదలెట్టేమండి."

"ఆపించు సన్యాసిరావూ."

"ఏటండి?"

"కొట్టడం ఆపించు. ఆ గడ నాటకు. ఒక్క ముచ్చె కూడా భూమిలో పెట్టకు. నా జవాబు తప్పు."

కత్తుల చప్పుడు ఒకటి తర్వాత ఒకటి ఆగింది. "ఎందుకండి? ఏటయ్యింది?"

ఆయన నోరు తెరిచారు. సుజి కుర్చీలోనే వెనక్కి తిరిగి ఆయన ముఖాన్ని చూస్తోంది. కారణం నాలిక చివర ఉంది, అది బయటికి రావాలంటే పైడిరాజు పేరు రావాలి. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో వానలో స్కూటరు బురదలో దిగబడితే భుజం పట్టి లాగినవాడు. సువార్తమ్మ శవపెట్టెకి ఒక మూల పట్టుకున్నవాడు. ఆ పేరుతో పాటు, ఇంట్లో కోడలి పేరు రావాలి.

"కారణం..." అన్నారు. "కారణం తర్వాత చెప్తాను."

అవతల ఎవరో కత్తి కింద పడేసిన చప్పుడైంది.

"అదేటి బాబూ" అన్నాడు సన్యాసిరావు. ఆ గొంతులో వెటకారం లేదు, తెలుసుకోవాలన్న తాపత్రయమే ఉంది. "మూడు రోజులనుంచి ఆ మైనస్ ఇచ్చినోడిని కారణం సెప్పమని మీరే గదా అడుగుతన్నారు. ఇప్పుడు మీరూ సెప్పకుండా కాదంటే, నేనేటనుకోవాలండి?"

వరప్రసాదరావుగారు సుజిని చూశారు. ఈ ఉదయం మొదలైన తర్వాత ఆమె కళ్ళలోకి ఆయన సూటిగా చూడటం ఇదే మొదలు. మూడు రోజులు ఆమె ఎక్కడ కూర్చుందో అక్కడ ఇప్పుడు ఆయన కూర్చున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

"నువ్వనుకునేది అనుకో" అన్నారు నెమ్మదిగా. "నాటకు మాత్రం."

"ఉండండి గురువుగారూ. పైడిరాజు మావ ఇక్కడే ఉన్నాడు, నాటు సూద్దారని పొద్దున్నే వచ్చేడు. మాటాడండి."

"వద్దు, సన్యాసిరావూ, ఇప్పుడు..."

ఫోను అప్పటికే చేతులు మారింది. ఎవరో గట్టు మీద నాలుగడుగులు పక్కకి నడుస్తున్న చప్పుడు. తర్వాత పైడిరాజు గొంతు, గదినిండా.

"బావా! ఏటి నాటొద్దంటన్నావంట? నువ్వు సూసిన తోటే గదా. ఎవులు సెప్పేరు నీకు?"

వరప్రసాదరావుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"సుజమ్మ సెప్పిందా?" నవ్వాడు. అదే నవ్వు. "సెప్తే సెప్పింది. ఆ పిల్లమీద నాకేటీ కోపం లేదు. కానీ బావా, ఆ రోజు నా గట్టుమీద నిలబడి ఎవులికో ఫోను సేసి, ఇప్పుడేటి సెయ్యను అని ఏడిసింది. అదికూడా సెప్పిందా నీకు?"

సుజి లేవబోయింది. కుర్చీ వెనక్కి కదల్లేదు, ఆయన కుర్చీకి తగిలి ఆగిపోయింది.

"ఎవరితో?" అని అడిగారు వరప్రసాదరావుగారు. అడిగింది ఫోనుకేసి చూసి కాదు.